సంవత్సరములు జరుగుచుండగా

వేసవి మొదలయ్యేసరికి గుంటూరు గోడల మీద రెండు రకాల పోస్టర్లు పోటీ పడతాయి. మొదటివి కార్పొరేట్ కళాశాలలవి. వాటిలో ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు వరుసగా ఉంటాయి. రెండోవి ఉజ్జీవ మహాసభలవి, అంటే చల్లారిన విశ్వాసాన్ని మళ్లీ రగిలిస్తామని మూడేసి రాత్రులు జరిపే సభలవి. వాటిలో ప్రసంగీకుడు, ఆయన సతీమణి, ఈ మధ్య కాలంలో సూటు వేసుకున్న వారి కుమారుడు కూడా కనిపిస్తున్నారు. లాడ్జి సెంటర్లో నిలబడి ఆ రెండింటినీ పక్కపక్కన చూసినప్పుడల్లా వాటి మధ్య తేడా తగ్గిపోతున్నట్టు నాకు అనిపిస్తుంది. రెండూ ఫలితానికి హామీ ఇస్తాయి. చదవలేక మధ్యలో ఇంటికి వెళ్లిపోయిన పిల్లవాడి ఫొటో అందులో లేనట్టే, స్వస్థత పొందకుండా తిరిగి వెళ్లిన మనిషి ఫొటో ఇందులో ఉండదు.

నేను ఆ సభలను బయటి నుంచి చూసి నవ్వేవాణ్ణి కాను. మా నాయనమ్మ మిషను రోజుల్లో బైబిలు స్త్రీగా, అంటే ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించే పని మీద, ఊరూరా తిరిగింది. మా నాన్న మిషను బడిలో పలక పట్టి, తరువాత అటువంటి బడిలోనే పంతులయ్యాడు. నేను కళాశాలలో చరిత్ర పాఠం చెప్పుకుంటున్నాను. నాకు విశ్వాసం పోలేదు. ఆదివారం ఆరాధనకు వెళ్లకపోతే ఆ వారమంతా ఏదో మరిచిపోయి ఇంట్లోంచి బయలుదేరినట్టే ఉంటుంది. అయినా ఈ మధ్య నాకు గట్టిగా అనిపిస్తున్నదేమిటంటే, బైబిలే ప్రమాణమని, సువార్త చెప్పడమే పని అని నమ్మే మన సువార్తిక (ఇవాంజెలికల్) సంఘాలకు ఇప్పుడు కావలసింది, మనం ఉజ్జీవం అని పిలుస్తున్నది కాదు.

"యెహోవా, సంవత్సరములు జరుగుచుండగా నీ కార్యము నూతనపరచుము" అని బైబిల్లో హబక్కూకు ప్రవక్త ప్రార్థించాడు. ఉజ్జీవ సభల వేదికల మీద నేను ఎక్కువసార్లు విన్న వాక్యాల్లో ఇది ఒకటి. విచిత్రమేమిటంటే అందులో యెహోవా అన్న పిలుపు తరువాతి రెండు మాటలను మనం దాదాపు ఎప్పుడూ పట్టించుకోలేదు. సంవత్సరములు జరుగుచుండగా అన్నాడు గాని, మూడు రాత్రుల్లో అనలేదు ప్రవక్త.

సువార్తిక క్రైస్తవ్యం భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్నను నా ముందు మొదట పెట్టినవాడు డల్లాస్‌లో ఉద్యోగం చేసే మా అన్నయ్య కొడుకు. "బాబాయ్, ఇక్కడ ఎవరైనా నువ్వు ఇవాంజెలికలా అని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఔనంటే నేను ఎవరికి ఓటు వేస్తానో చెప్పినట్టు అనుకుంటున్నారు" అన్నాడు ఫోనులో. వాడి ఇబ్బంది ఊరికే వచ్చింది కాదు. 2016 అధ్యక్ష ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ ప్రకారం తెల్లజాతి సువార్తికుల్లో 81 శాతం మంది ట్రంపుకు ఓటు వేశారు; ఆనాటి నుంచి ఆ మాట అక్కడ ఒక విశ్వాసానికి కన్నా ఒక ఓటు బ్యాంకుకు పేరుగా స్థిరపడింది. అమెరికాలోని ప్రొటెస్టంటు శాఖల్లో అతి పెద్దదైన సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్‌లో 2006 నాటికి 1 కోటి 60 లక్షలకు పైగా సభ్యులుండగా, 2024 నాటికి ఆ సంఖ్య 1 కోటి 30 లక్షల లోపుకు దిగింది. ఈ మధ్యలోనే, 2022లో, లైంగిక నేరాల ఆరోపణలున్న 700 మందికి పైగా వ్యక్తుల జాబితాను ఆ శాఖ నాయకత్వంలోని వారు ఏళ్ల తరబడి గుట్టుగా ఉంచారని, దాని మీద వేసిన స్వతంత్ర విచారణ బయటపెట్టింది. దేవుని వాక్యాన్ని అక్షరాలా నమ్ముతామని చెప్పుకునేవారు బాధితులకు చెప్పవలసిన ఒక్క మాటను చెప్పలేదు.

అమెరికా సంగతి మనకెందుకు అనవచ్చు. మన ప్రసంగాల ఒరవడి, మన స్తుతి పాటల గిటారు, సంపద దీవెనకు గుర్తు అన్న బోధ, అన్నీ ఆ ఒడ్డు నుంచి వచ్చినవే కనుక ఆ ఒడ్డు కోతకు గురవుతుంటే ఈ ఒడ్డున ఉన్నవాళ్లు కూడా కాళ్ల కింద ఇసుకను చూసుకోవాలి. అయితే మన మొదలు మాత్రం పూర్తిగా వాళ్లది కాదన్న సంగతి మరిచిపోకూడదు, నా ఆశంతా అక్కడే ఉంది.

లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆయన పెట్టిన బడులు, తరువాత 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టించిన ఆసుపత్రి, 1885లో మొదలైన ఏసీ (ఆంధ్ర క్రైస్తవ) కళాశాల, ఇవన్నీ మా పాఠాల్లోనూ వార్షికోత్సవాల్లోనూ వచ్చే సంగతులే. హయ్యర్ గురించి నాకు అంతకన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది: రాజమండ్రి మిషనును మరో సంస్థకు అప్పగించబోతున్నారని తెలిసి, డెబ్బై అయిదేళ్లు దాటిన వయసులో, అమెరికాలో సభలో లేచి నేను వెళతానని చెప్పి, అన్నట్టే ఓడ ఎక్కి వచ్చాడు. ఇటువంటి ముసలివాళ్ల మొండితనం మీద కూడా సంఘాలు నిలబడ్డాయి.

కాని తెలుగు నేల మీద సువార్త పల్లెపల్లెకూ పాకింది మిషనరీల వల్లనే అనుకోవడం సరికాదు. ఒంగోలు ప్రాంతంలో ఆ పనిని మొదట భుజాన వేసుకున్నది యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి. మాదిగ కులస్థుడు, జ్ఞానమార్గం వెతుకుతూ యోగసాధన చేసినవాడు. ఆయన, భార్య నాగమ్మ తమ బంధువర్గం ఉన్న ఊళ్లన్నీ తిరిగి మాట చెప్పారు. వాళ్లు చెప్పినచోటికి మిషనరీ జాన్ క్లౌ తరువాత వెళ్లాడు. అంటే సంఘం మాదిగపల్లెలో పుట్టి మిషనరీ బంగళాకు కబురు పెట్టింది, బంగళా నుంచి పల్లెకు దిగిరాలేదు.

క్లౌ పేరు వచ్చింది గనుక ఒక అంకె గురించి చెప్పాలి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె తెలియని బాప్టిస్టు పిల్లవాడు మన జిల్లాల్లో ఉండడు. సభల్లో ప్రసంగీకులు దాన్ని చెప్పి, అటువంటి దినాలు మళ్లీ రావాలని చేతులెత్తించి ప్రార్థన చేయిస్తారు. ఆ అంకెకు ముందు జరిగినదాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. 1876 నుంచి 78 దాకా కరువు. జనం ఆకలితో చస్తుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అట్లా కూలి ఇస్తున్నంత కాలం, బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడుగుతున్నా, ఇవ్వకుండా ఆపాడు. అన్నం కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తనకే అనుమానం మిగలకూడదన్నది ఆయన పట్టుదల. పదిహేను నెలలపాటు సంఖ్యను పెరగనివ్వకుండా ఆపిన మనిషిని మరిచిపోయి, ఆపడం మానిన రోజున వచ్చిన సంఖ్యను పట్టుకున్నాం మనం. ఉజ్జీవం అనే మాటకు మన నోళ్లలో అర్థం మారిపోయింది ఇక్కడేనని నా అభిప్రాయం. ఈ రోజు ఏ సంఘమైనా, మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎవరు ఎందుకు వస్తున్నారో తేల్చుకునేదాకా సభ్యత్వం ఆపుతున్నాం అని ప్రకటిస్తే ఎంత వింతగా ఉంటుందో ఊహించండి.

ఇప్పుడు మన పరిస్థితి. పాత మిషను సంఘాలను ఆస్తి తినేసింది, కొత్త స్వతంత్ర సంఘాలను ఆసామి తినేశాడు.

మిషనరీలు వెళ్లిపోతూ వదిలిన బడులు, ఆసుపత్రులు, కంపౌండ్లు, నగరం నడిబొడ్డున ఎకరాల కొద్దీ స్థలాలు మన పూర్వీకుల చేతుల్లో పడ్డాయి. ఆనాటి నుంచి పాలక మండలి ఎన్నికలంటే ఆ స్థలాల లీజులు ఎవరు రాయాలన్న పోటీగా మారాయి. నేను సభ్యుడిగా ఉన్న సంఘంలోనే ఒకప్పుడు రెండు వర్గాలు కోర్టుకెక్కి, క్రిస్మస్ ఆరాధనను పోలీసుల సమక్షంలో చేసుకున్నాం. గేటు దగ్గర లాఠీ పట్టుకుని నిలబడిన కానిస్టేబులు, పాపం, ఆయనకు కేకు ఇవ్వాలా వద్దా అని మా సండే స్కూలు పిల్లలు చాలాసేపు చర్చించుకున్నారు. చివరికి ఇచ్చారు.

ఈ గొడవలతో విసిగినవాళ్లు, ముఖ్యంగా మా తరువాతి తరం, స్వతంత్ర సంఘాలకు వెళ్లారు. నేను వాళ్లను తప్పుపట్టను. అక్కడ ప్రార్థనలో వేడి ఉంది, పేరు పెట్టి పలకరించేవారున్నారు, తాగుడు మానిన భర్తలున్నారు, ఆ సాక్ష్యాలు అబద్ధాలు కావు. కాని ఆ సంఘాల్లో చాలావాటికి రాజ్యాంగం లేదు, సభ్యుల జాబితా లేదు, స్థలం పాస్టరుగారి పేరున ఉంటుంది, ఆయన తరువాత పీఠం ఆయన కుమారుడిది. విశ్వాసులు తమ ఆదాయంలో పదో వంతుగా ఇచ్చే దశమభాగం ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అని అడగడం దైవజనుడి మీద సణగడంతో సమానం. నాకు దగ్గరి స్నేహితుడైన ఒక పాస్టరును ఈ విషయమై అడిగితే, "ఆత్మను ఆర్పకుడి" అన్న పౌలు మాటను నాకు ఎదురు చెప్పాడు. లెక్కల దగ్గరకు వస్తే ఆత్మ వెళ్లిపోతుందట. ఆ పౌలే, యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన చందాను ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటబెట్టుకున్నాడు, ఆ సొమ్ము విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకుండా ఉండాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో విడమరిచి చెప్పాడు. దేవుని ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా నిజాయితీగా కనబడాలన్నది ఆయన పట్టింపు. నా స్నేహితుడికి ఈ మాట చెప్పాను. టీ చల్లారిపోయిందని లేచాడు.

డబ్బు కన్నా లోతైన జబ్బు కులం. 1991 ఆగస్టు 6న, తెనాలికి దగ్గరలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. అప్పుడు నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. చుండూరు దళితవాడలో ఉన్నవాళ్లు మా వంటి క్రైస్తవులే, మా వంటి కీర్తనలు పాడేవాళ్లే. ఆ తరువాతి ఆదివారం నేను వెళ్లిన మందిరంలో ప్రసంగం పరలోక నివాసాల గురించి జరిగింది. ప్రార్థనలో రోగులను, పరీక్షలు రాసేవారిని, ప్రభుత్వంలో ఉన్న అధికారులను పేరుపేరునా జ్ఞాపకం చేసుకున్నారు. చుండూరు అన్న మాట వినబడలేదు. అదే సమయంలో వీధుల్లో ఊరేగింపు చేస్తున్నవాళ్లలో సగంమంది దేవుడు లేడనేవాళ్లు. నా జీవితంలో విశ్వాసం ఎప్పుడైనా నిజంగా తడబడిందంటే, అది శాస్త్రగ్రంథాలు చదివినప్పుడు కాదు, ఆ ఉదయం.

1974లో స్విట్జర్లాండులోని లాసాన్‌లో కూడిన ప్రపంచ సువార్తికులు తమ ఒడంబడికలో, సువార్త చెప్పడమూ సామాజిక, రాజకీయ బాధ్యతా రెండూ క్రైస్తవ ధర్మంలో భాగాలేనని, ఈ రెండింటినీ ఒకదానికొకటి విరోధమన్నట్టు చూసినందుకు పశ్చాత్తాపపడుతున్నామని రాసుకున్నారు. అది మన దాకా రాలేదు. మన సంఘాల్లో ఇప్పటికీ మాల సంఘం, మాదిగ సంఘం అని బోర్డు మీద లేకపోయినా జనం నోట ఉంది. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో రక్షణ, బాప్తిస్మంతో పాటు కులం కూడా రాస్తారు. పై కులాల నుంచి వచ్చిన విశ్వాసులకు వేదిక మీద ముందు కుర్చీ దొరుకుతుంది.

దీనికి చట్టం వేసిన ముడి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు మాత్రం లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కింద 1 శాతం రిజర్వేషన్‌లో పడతారు. 2025లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒకరికి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అందుకే కుల ధ్రువపత్రంలో ఒక పేరు, మందిరంలో మరో పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు ఇంటింటికీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే అని వచ్చినప్పుడు గుంటూరులో ఆదివారం ఉదయం ఏ వీధిలో నడిచినవాడికైనా నవ్వు వచ్చి ఉంటుంది. పిల్లల చదువు కోసం పేరు దాచుకునే తల్లిదండ్రులను నేను నిందించను. కులం మారనిచోట మతం మారగానే హక్కు పోతుందనడంలో న్యాయం నాకు కనబడదు. కాని తన పేరును తానే గట్టిగా చెప్పుకోలేని సంఘం చుండూరు గురించి గట్టిగా ఎట్లా మాట్లాడుతుంది? ఈ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు లేదు. కనీసం దీన్ని వేదిక మీద బాహాటంగా చర్చించుకోగలిగితే బాగుండునని మాత్రం అనుకుంటాను. చర్చికి బయట ఒత్తిడి పెరుగుతున్న ఈ కాలంలో, ఆ ఒత్తిడిని సాకుగా చూపి ఇంట్లో మాటలన్నీ వాయిదా వేస్తున్నాం. పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం గురించి కూడా అదే నా భావన. అది తీసుకునే పేద కాపరి మీద నాకు జాలి తప్ప కోపం లేదు. కాని ఆ డబ్బు ప్రతి ఎన్నికలోనూ వేదికల మీదికి వస్తుంది, డల్లాస్‌లో మావాడు పడుతున్న ఇబ్బంది అప్పుడు మన వీధిలోకి వస్తుంది.

మరి ఆశ ఎక్కడుంది?

విజయవాడ సింగ్‌నగర్‌లో మా చెల్లెలు ఉంటుంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్లు వచ్చాయి. మా చెల్లెలు వెళ్లే సంఘం నలభై కుటుంబాలది. ఒక అద్దె ఇంటి మేడ మీద హాలులో కూడుకుంటారు. ఆ ఉదయం ఆరాధన మొదలుకాకముందే కింది వీధి మునిగింది. చుట్టుపక్కల రేకుల ఇళ్లవాళ్లు, వారిలో ముస్లిములూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు, మెట్లెక్కి ఆ హాలులోకి వచ్చారు. మైకులు కింది గదిలో ఉండిపోయి నీళ్లలో మునిగాయి గనుక చాలా రోజులు ప్రసంగమన్నదే జరగలేదని చెల్లెలు నవ్వుతూ చెప్పింది. బల్లారాధనకు, అంటే ప్రభువు భోజన సంస్కారానికి, తెచ్చిన రొట్టె మొదటి రోజు మధ్యాహ్నమే పిల్లలకు పెట్టేశారు. గ్యాస్ సిలిండర్లు రెండు ఉంటే ఆడవాళ్లు వాటిని వంతుల వారీగా లెక్కపెట్టి వాడారు. ఎవరికీ కరపత్రం ఇవ్వలేదు.

ఆ సంఘ కాపరి వారమంతా మోటార్లకు వైండింగ్ చేసి బతుకుతారు. నీళ్లు తీశాక ఆ వీధిలో కాలిపోని మోటారు లేదు. ఆయన నెల రోజులు రాగి తీగ ఖర్చు మాత్రం తీసుకుని, కూలి తీసుకోకుండా, ఇరుగుపొరుగు మోటార్లన్నీ చుట్టి ఇచ్చారు. డేరాలు కుట్టి బతికిన పౌలు మన సంఘాల్లో ప్రసంగాంశంగా తప్ప మనిషిగా నాకు కనబడలేదు, అక్కడ కనబడ్డాడు. జీతానికి సంఘం మీద ఆధారపడనివాడు గనుక ఆయనకు అబద్ధపు సాక్ష్యం అవసరం లేదు, పోస్టరు అవసరం అంతకన్నా లేదు.

ఆ సంఘంలో నేను గమనించిన మరో సంగతి, ఆడవాళ్ల స్థానం. సువార్తిక సంఘాలను తెలుగునాట మోసింది స్త్రీలే. నాగమ్మ నుంచి మా నాయనమ్మ దాకా ఇంటింటికీ తిరిగిందీ, శుక్రవారం ఉపవాస ప్రార్థనలు నిలబెట్టిందీ వాళ్లే. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో ఇ. పుష్పలలిత 2013లో నంద్యాల బిషప్పయ్యే దాకా ఆ సంఘానికి స్త్రీ బిషప్పు లేరు. స్వతంత్ర సంఘాల్లో చాలావాటిలో స్త్రీ ఇంకా "అమ్మగారు" మాత్రమే, అంటే పాస్టరుగారి భార్య మాత్రమే. మేడ మీద సంఘంలో మాత్రం నెలకు ఒక ఆదివారం ఒక స్త్రీ వాక్యం చెబుతుంది. చెప్పేది ఒక్కోసారి బాగుండదు. మగవాళ్లు చెప్పినా అంతే గదా.

ఇది చిన్న సంఘం గనుక సాధ్యమయింది, పెద్దదయితే ఇదీ అందరిలాగే అవుతుంది అని మా అన్నయ్య అంటాడు. కావచ్చు. నలభై కుటుంబాలు నాలుగు వందలయిన రోజున ఆ కాపరి వైండింగ్ మానేసి పూర్తికాల సేవకుడవుతారేమో, ఆయన కుమారుడు సూటు కుట్టించుకుంటాడేమో. అటువంటి భయం లేకుండా నేను ఇది రాయడం లేదు. అయితే నలభై నాలుగు వందలు కావడానికి బదులు, నలభైలు పది కావచ్చు గదా అన్నది నా ఎదురు ప్రశ్న. పేరయ్య కాలంలో పల్లెల్లో వ్యాపించిన పద్ధతి దాదాపు అదే, బంధువర్గం వెంట, ఊరి వెంట, ఒకరినొకరు ఎరిగినంత దూరం.

పోయిన నెల నేను చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు ఆ మేడ ఎక్కాను. ఆరాధన చివర, ఆశీర్వాదానికి ముందు, కాపరి చేతిపుస్తకం తీసి నెల లెక్క చదవడం మొదలుపెట్టారు. కానుకలు ఇంత, హాలు అద్దె ఇంత, వాటర్ క్యాన్లు ఇంత, అతిథి ప్రసంగీకుడి ప్రయాణ ఖర్చులకు 1,200 అని చదివేసరికి, కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఒక ముసలావిడ చెయ్యి ఎత్తింది.

"అయ్యగారూ, ఆ వచ్చినాయన గుంటూరు నుంచే గదా వచ్చింది?"

"ఔను మామ్మగారూ. కారులో వచ్చారు."

"మన పిల్లలకు సాయంత్రంపూట లెక్కలు చెప్పే అమ్మాయికి నెలకెంత ఇస్తన్నాం?"

కాపరి పుస్తకంలో వెతికి, "ఎనిమిది వందలు" అన్నారు.

ఆవిడ ఇంకేమీ అనలేదు. కాపరి కాసేపు ఆ పేజీ వంక చూసి, జేబులోంచి పెన్ను తీసి ఏదో రాసుకుని, తరువాతి పాట నంబరు చెప్పారు.